నిలబడితే సిబ్బంది, కూర్చుంటే ప్రజలు

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఇరవై రెండేళ్ళుగా ఒక స్కూల్లోనే పనిచేస్తున్నాను. దాని పేరు స్కూల్ ఆఫ్ పబ్లిక్ ఎఫైర్స్. విశ్వవిద్యాలయంలో దక్షిణపు కొసన, ప్రహరీ గోడను ఆనుకుని ఉంటుంది. ఇందులో ప్రజల గురించి చదువుతారు. ప్రజలు గోడకు అవతల ఉంటారు.

నా పేరు సైదులు, అటెండర్ని. ప్రతి నెలా మూడో శనివారం మా హాల్లో బహిరంగ ఉపన్యాసం జరుగుతుంది. వేదిక మీద కుర్చీలు వేసి తెల్ల తువ్వాళ్ళు కప్పడం, బల్ల మీద పేర్ల పలకలు నిలబెట్టడం, మూత పెట్టిన గ్లాసుల్లో నీళ్ళు అందించడం నా డ్యూటీ. ఇన్నేళ్ళు నిలబడి విన్నదానికి లెక్కప్రకారం నాకు రెండు మూడు డాక్టరేట్లు రావాలి. వినగా వినగా నాకు అర్థమైందల్లా, పేదరికం చాలా సంక్లిష్టమైన విషయం, భోజనాలు ఒంటిగంటకు.

గోడ అవతల బస్తీ ఉంది. బస్తీకీ మాకూ మధ్య దక్షిణ గేటు ఉండేది. ఆ గేటులోంచి వచ్చి, క్యాంపస్ దాటి, ఉత్తరం గేటులోంచి బయటపడితే ఎదురుగా పెద్దాసుపత్రి. నడక ఇరవై నిమిషాలు. నిరుడు మా స్కూలు వాళ్ళు ఆ గేటును ఎంతమంది వాడుతున్నారో తేల్చడానికి ఒక సర్వే మొదలుపెట్టారు. గేటు దగ్గర కూర్చున్న విద్యార్థులు లెక్కపెడుతుంటే జనం వస్తూ పోతూ ఉన్నారు, లెక్క తప్పిపోతూ ఉంది. లెక్క సరిగ్గా తేలాలంటే రాకపోకలు ఆపాలని మా డైరెక్టర్ పురంధరరావు గారు గేటుకు తాళం వేయించారు. తరువాత మూడు నెలలు ప్రశాంతంగా లెక్కపెట్టారు. దక్షిణ గేటును ఎవరూ వాడటం లేదని తొంభై పేజీల నివేదిక వచ్చింది. ఎవరూ వాడని గేటు ఎందుకని, నివేదిక ఆధారంగా శాశ్వతంగా మూసేశారు. క్షేత్రస్థాయి పరిశోధన విభాగంలో ఆ నివేదికకు బహుమతి కూడా వచ్చింది. ఆ రోజు నీళ్ళు అందించింది నేనే.

బస్తీలో బాలనర్సమ్మ అని ఇస్త్రీ బండి ఆవిడ ఉంది. మా వేదిక మీద మడత నలగని చొక్కాలన్నీ ఆవిడ చేతి మీదుగా వచ్చినవే. భర్త రాజలింగం ఒకప్పుడు మార్కెట్లో బస్తాలు మోసిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో డయాలసిస్. గేటు ఉన్నప్పుడు భార్య భుజం పట్టుకుని మెల్లగా నడిచి పోయి వచ్చేవాడు. గేటు మూసేశాక గోడ చుట్టూ తిరిగి రెండు బస్సులు మారాలి. మిషన్ మీద నుంచి లేచినవాడు బస్సులో నిలబడలేడు. రెండుసార్లు మానేశాడు. రెండోసారి ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక, మంచంతో సహా మోసుకుపోయారు. ఇంకోసారి ఇట్లా మానేస్తే మేం చేసేదేమీ ఉండదని అక్కడి నర్సు చెప్పింది.

బాలనర్సమ్మ గేటు దగ్గరి గార్డు జహంగీర్‌ను బతిమాలింది. వాడు చెడ్డవాడేమీ కాదు.

"నాకు కాయితం గావాలె అక్కా. కాయితం మీద మూసిన్రు, కాయితం మీదనే తియ్యాలె. నోటిమాటకు తీస్తే నా నౌకరి పోతది" అన్నాడు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నా దగ్గర ఏముంటుంది? అయినా ఒక సంగతి నాకు తెలుసు. మా స్కూలు పెట్టినప్పుడు రాసిన నియమావళిలో ఒక ముక్క ఉంది. బహిరంగ ఉపన్యాసం చివర పావుగంట ప్రజలు ప్రశ్నలు అడగవచ్చు. దానికి వేదిక మీదినుంచి వచ్చిన సమాధానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. మినిట్స్‌లోకి ఎక్కినది ఏడు రోజుల్లో అమలు కావాలి. ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు. ఆ పుస్తకాన్ని గదిగదికీ మోసేవాణ్ణి గనక నాకు గుర్తుంది.

"మూడో శనివారం రా అక్కా. మధ్య వరసలో కూసో. ఆఖర్న చెయ్యెత్తు, అంతే" అన్నాను.

నేను చెప్పింది సరైన సలహానే. కానీ సరిగ్గా ఆ నెలలోనే కోదండపాణి గారికి అవమానం జరిగింది.

కోదండపాణి గారు మా పాత డీన్. పదవి విరమించి పదేళ్ళయినా ఏ సభకూ రాకుండా ఉండలేదు. ఆ నెల మొదట్లో జరిగిన ఒక సభలో ఆయన్ను వేదిక మీదికి పిలవడం మరిచారు. ఆయన మొదటి వరసలో పావుగంట కూర్చుని, కండువా దులుపుకుని వెళ్ళిపోయి, పదకొండు పేజీల ఉత్తరం రాశారు. మూడు దశాబ్దాలు వేదికనలంకరించిన దేహాన్ని నేలబారు కుర్చీలో కూర్చోబెట్టిన ఘనత ఈ సంస్థకే దక్కిందని అందులో ఉంది. దాంతో హడావిడిగా వేదికా మర్యాదల ఉపసంఘం ఏర్పడింది. నాలుగు సమావేశాల్లో రెండే రెండు నిబంధనలు చేసింది.

ఒకటి: ఒకసారి వేదికనెక్కినవారిని ఇక మీదట ఏ సభలోనూ కింద కూర్చోబెట్టరాదు. రెండు: వేదిక మీద ఉన్నవారు ప్రశ్నలు అడగరాదు. వేదిక సమాధానాల స్థానం, ప్రశ్నలు ప్రజల సొత్తు.

చూడటానికి రెండూ మంచి నిబంధనలే. మంచివి కాని నిబంధనలను మా దగ్గర ఎవరూ చెయ్యరు.

ఆ శనివారం ఉపన్యాసం పాలనలో సమయపాలన అనే అంశం మీద. ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పూర్వం ఎప్పుడో ఒకసారి వేదికనెక్కిన వాళ్ళందరూ ఆ రోజు హాజరయ్యారు, ఇరవై ఆరుగురు. ఒక్కొక్కరి పేరూ పిలిచి, బిరుదులు చదివి, వారు మెట్లెక్కి నమస్కారం పెట్టి కూర్చునేదాకా ఆగి, మళ్ళీ ఇంకొకరిని పిలవడానికి గంటన్నర పట్టింది. శాలువాలకు ముప్పావుగంట. ఢిల్లీ ఆయన సమయపాలన గురించి ఆరు నిమిషాలు మాట్లాడాడు. బాలనర్సమ్మ చెయ్యెత్తేసరికి వందన సమర్పణ మొదలైంది. వందన సమర్పణ మొదలయ్యాక ప్రశ్న అడిగితే అపశకునమట.

ఆవిడ మెట్ల దగ్గర నాతో, శుక్రవారం ఆయనను పక్కింటి పిల్లవాడి స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టి కట్టేసి తీసుకుపోయాం అన్నా అని చెప్పింది. చెప్పి చీర కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చే నెల ముందే వస్తానంది.

వచ్చే నెల ముందే వచ్చింది. అంశం, అట్టడుగు వర్గాల గొంతుక. వేదిక ఇటూ అటూ పెంచడానికి వడ్రంగులు వచ్చి పలకలు బిగించారు. కింద కుర్చీలు రెండు వరసలు తీసేశాం. మధ్యలో డైరెక్టర్ గారు మైకు ముందు మాట్లాడుతూ కిందికి చూశారు, ఆగిపోయారు. మా హాల్లో నిజంగా అట్టడుగు వర్గం మనిషిలాంటి మనిషి కనబడటం ఆయనకు అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి.

"ఎవరి గురించి మనం ఇంతకాలం మథనపడుతున్నామో, ఆ గొంతుక నేడు మన ఎదుటనే ఆసీనమై ఉన్నది. ఆ మాతృమూర్తిని వేదికనలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాను" అన్నారు.

చప్పట్లు మోగాయి. ఇద్దరు అమ్మాయిలు వచ్చి చేతులు పట్టుకున్నారు. బాలనర్సమ్మ నా వైపు చూసింది. వద్దు అన్నట్టు తలాడించాను. ఆవిడ దాన్ని వెళ్ళమన్నట్టు అనుకుంది. శాలువా కప్పారు, జ్ఞాపిక చేతిలో పెట్టారు. ఆ శాలువా కింద ఆవిడ చెయ్యెత్తింది. డైరెక్టర్ గారు వంగి, చాలా మర్యాదగా, అమ్మా మీరు ఇప్పుడు వేదిక, వేదిక ప్రశ్నించదు అని చెప్పారు. అట్టడుగు వర్గాల గొంతుక గురించి తక్కినవాళ్ళు మాట్లాడారు.

మా రోజుల్లో తప్పు చేసిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించేవాళ్ళు. నేను బడి మానేసింది అట్లాంటి బెంచీ మీద నుంచే. చెరువు ఎండిపోతే చేపలు ఎక్కడికి పోతాయి సార్ అని అడిగాను. రోజంతా నిలబెట్టారు. మర్నాడు వెళ్ళలేదు. ఇక్కడ గొప్పవాళ్ళను వేదిక ఎక్కిస్తారు. ఎక్కాక నోరు మూసుకోవాల్సిందే, అందులో తేడా లేదు. బెంచీ మీద శాలువా కప్పరు, అదొక్కటే తేడా.

మూడో నెల ఆవిడ కింద కుర్చీలో కూర్చుని, చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. ప్రోటోకాల్ చూసే గుమాస్తా వచ్చి అమ్మా పైకి రండి, మీరు ఎక్కినవారు అన్నాడు. నేను రాను, నా ప్రశ్న కిందనే ఉంది అంది. వాడు వెళ్ళి డైరెక్టర్ గారికి చెప్పాడు. అక్కడికక్కడే ఉపసంఘం గుసగుసలాడింది. బలవంతంగా ఎక్కించడం మర్యాద కాదు. కింద ఉంచడం నిబంధన కాదు. కోదండపాణి గారే దారి చూపారు, ఆవిడ వేదిక దగ్గరకు రాకపోతే వేదికే ఆవిడ దగ్గరకు వెళ్ళడం మన సంస్కృతి అన్నారు.

వడ్రంగులను పిలిపించారు. ఆవిడ కుర్చీ చుట్టూ పలకలు పరిచి, కుర్చీతో సహా ఎత్తి పలకల మీద పెట్టి, ముందు వేదికకు కలిపేశారు. ఆ వరసలో ఆవిడ పక్కన కూర్చున్న పద్నాలుగు మంది కూడా దాంతోపాటు వేదిక అయిపోయారు. వాళ్ళలో ఒకాయన దారిన పోతూ ఎండకు తాళలేక ఫ్యాన్ కింద కూర్చున్నవాడు. ఆయన మళ్ళీ ఈ జన్మలో మా హాల్లో కింద కూర్చోడానికి వీల్లేదు.

నాలుగో నెల ఆవిడ తెలివిగా తాను అడక్కుండా బస్తీ వాళ్ళను తీసుకొచ్చింది. ముప్పై మంది. అందరికీ ప్రశ్న నేర్పింది. ఒక్కరైనా అడక్కపోతారా అని. నేను తలుపు దగ్గర నిలబడి వాళ్ళను లెక్కపెట్టి, ఈసారి అయిపోతుందని అనుకున్నాను. డైరెక్టర్ గారు అంతమంది ప్రజలను చూసి పొంగిపోయారు. ఇది జనవేదిక అన్నారు. ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచారు. ముసలి పోషవ్వకు కళ్ళు సరిగ్గా కనబడవు, ఇద్దరు ప్రొఫెసర్లు పట్టుకుని ఎక్కించారు. సాయంత్రానికి కింద ఒక్క కుర్చీ మిగల్లేదు. ఆ రోజు కుర్చీలు నేనే మడిచి మూలన పెట్టాను.

ఆ మంగళవారం రాజలింగం ఆసుపత్రికి పోలేదు. స్కూటర్ పిల్లవాడు ఊరెళ్ళాడు. బుధవారం ఇస్త్రీ బండి లేదు. గురువారం జహంగీర్ వచ్చి చెప్పాడు, మళ్ళీ మంచంతోనే తీసుకుపోయారని. ఈసారి బతికాడు, వచ్చేసారి సంగతి ఆసుపత్రి వాళ్ళకూ తెలియదని.

ఈలోగా గ్రాంట్లు ఇచ్చే మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మీ బహిరంగ ఉపన్యాసాల రిజిస్టర్‌లో వేదిక మీద నూట ఇద్దరు, ప్రజలు సున్నా అని ఉంది, ప్రజలు లేని ఉపన్యాసం బహిరంగం ఎట్లా అవుతుంది, వివరణ ఇవ్వగలరు. స్కూలంతా గగ్గోలు. కొత్త మనుషులను తెద్దామంటే వచ్చినవాళ్ళందరినీ అప్పటికే ఎక్కించేశారు. ఎక్కనివాళ్ళు ఎక్కిస్తారేమోనని భయపడి రావడం మానేశారు. ఉపసంఘం వెతగ్గా వెతగ్గా, ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వేదిక మీద కూర్చోని మనిషి ఒకడు దొరికాడు. అది నేను.

కానీ అటెండరు ప్రజలవుతాడా? దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. నన్ను బయట నిలబెట్టి లోపల నా గురించి మాట్లాడారు. చివరికి డైరెక్టర్ గారు పిలిచి తీర్మానం చదివి వినిపించారు.

"సైదులూ, నీవు నిలబడి ఉన్నంతసేపూ సిబ్బందివి. కూర్చున్న తక్షణమే ప్రజలవు. ఈ సూక్ష్మ వ్యత్యాసాన్ని నీవు బాధ్యతాయుతంగా పాటించగలవని సంస్థ విశ్వసిస్తున్నది" అన్నారు.

ఇరవై రెండేళ్ళలో నన్ను కూర్చోమనడం అదే మొదలు.

ఐదో నెల మూడో శనివారం వచ్చింది. హాలంతా వేదికే. తలుపు దగ్గర ఒక్క కుర్చీ పట్టేంత నేల మిగిలింది. నూట ఇద్దరికీ నీళ్ళు అందించేదాకా సిబ్బందిగా ఉండి, ఆ తరువాత ఆ కుర్చీలో కూర్చుని ప్రజలనయ్యాను. ఎదురుగా ఇంతమంది నా వైపే చూస్తున్నారు. వైస్ చాన్సలర్ గారు ఉన్నారు, రిజిస్ట్రారు, ఇంజనీరు, సెక్యూరిటీ అధికారి, గేటుకు తాళం వేయించగలిగిన ప్రతి ఒక్కరూ ఉన్నారు. చిట్టచివర, ఆఖరి పలక మీద, బాలనర్సమ్మ. మడిచిన శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. ఆవిడ ఇక ఎవరి వైపూ చూడటం మానేసింది.

ఉపన్యాసం ఏమిటో నాకు గుర్తులేదు. అది అయ్యాక డైరెక్టర్ గారు రిజిస్టర్ కోసం అడిగారు, ప్రజల పక్షాన ప్రశ్నలేమైనా ఉన్నాయా అని. అడిగి వెంటనే వందన సమర్పణ కాగితం తీశారు. నేను చెయ్యెత్తాను. లేవబోయి ఆగాను. లేస్తే సిబ్బందినైపోతాను.

కూర్చునే అన్నాను. "సార్, దక్షిణ గేటు ఎప్పుడు తీస్తరు?"

నా నౌకరి పోయిందనుకున్నాను. కానీ నాకంటే పెద్ద చిక్కు వాళ్ళకు వచ్చింది. ప్రజలు ఒక్కరే, ప్రశ్న ఒక్కటే, రిజిస్టర్‌లోకి ఎక్కకపోతే గ్రాంటు ఎగిరిపోతుంది. ఎక్కాక సమాధానం ఉండాలి. డైరెక్టర్ గారు చిరునవ్వుతో, ఇంతటి మౌలికమైన ప్రశ్నకు సమాధానం చెప్పగల అర్హత నాకన్నా వైస్ చాన్సలర్ గారికే ఉన్నదని మైకు అటు జరిపారు. వైస్ చాన్సలర్ గారు, ఇది పాలనాపరం గనక రిజిస్ట్రార్ గారు చెప్పడమే సబబన్నారు. రిజిస్ట్రార్ గారు అది సాంకేతికమన్నారు. ఇంజనీరు భద్రతాపరమన్నాడు. సెక్యూరిటీ అధికారి నివేదికాపరమన్నాడు. నివేదిక రాసినవారు పెద్దలుండగా అని కోదండపాణి గారి చేతిలో పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని, నా వయసుకు తీర్పు తగదు, ఆశీర్వాదమే తగును అని పక్కకు ఇచ్చారు.

మర్యాద అంటే మా వాళ్ళదే. మైకు ఒక వరస దాటింది, రెండో వరస దాటింది. ఫ్యాన్ కోసం వచ్చి ఇరుక్కున్న పెద్దమనిషి కూడా, నాకంటే పెద్దలున్నారు అని నేర్చేసుకున్నాడు. పోషవ్వ మైకును తడిమి చూసి, ఇదేంది బిడ్డా అని పక్కకు అందించింది. అట్లా వంద చేతులు మారి ఆఖరి పలక మీదికి వచ్చింది. దాని తరువాత ఇవ్వడానికి ఎవరూ లేరు.

బాలనర్సమ్మ మైకును ఇస్త్రీ పెట్టెలాగా పట్టుకుంది. నా వైపు చూసింది. ఈసారి నేను తలాడించలేదు.

"రేపు పొద్దున ఆరింటికి తీస్తం" అంది. మైకు దించబోయి మళ్ళీ ఎత్తి, "మల్ల ముయ్యం" అంది.

వేదిక మీదినుంచి ఏది వచ్చినా చప్పట్లు కొట్టడం మా వాళ్ళకు అలవాటు. కొట్టారు. వైస్ చాన్సలర్ గారు కూడా కొట్టారు. మినిట్స్ రాసే అమ్మాయి తలవంచుకుని రాసింది: ప్రజల ప్రశ్నకు వేదిక ఏకగ్రీవంగా సమాధానమిచ్చినది. ఎవరూ కాదనలేరు. కాదనాలంటే వేదిక మీద వేదికే ప్రశ్న వేయాలి. దానికి నిబంధన ఒప్పుకోదు.

మర్నాడు ఆరింటికి నేను మినిట్స్ నకలు తీసుకుపోయి జహంగీర్ చేతిలో పెట్టాను. వాడు రెండుసార్లు చదివి, ముద్ర చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. తాళం తుప్పు పట్టింది, కిరోసిన్ పోసి తీశాడు.

ఇక్కడితో అయిపోతే మాది స్కూల్ ఆఫ్ పబ్లిక్ ఎఫైర్స్ కాదు. పది గంటలకు డైరెక్టర్ గారికి కబురు అందింది. గేటు తెరుచుకున్నందుకు ఆయన బాధపడలేదు, ప్రారంభోత్సవం లేకుండా తెరుచుకున్నందుకు బాధపడ్డారు. మధ్యాహ్నానికి వడ్రంగులు మా హాల్లోని వేదికలో సగం విప్పి తెచ్చి, సరిగ్గా గేటు నడుమ అడ్డంగా బిగించారు. లోపలివైపు మూడు మెట్లు, బస్తీవైపు మూడు మెట్లు. మధ్యలో ముఖ్య అతిథికి ఎత్తైన వీపున్న కుర్చీ, తెల్ల తువ్వాలు. ముఖ్య అతిథి తేదీ ఇవ్వలేదు. ప్రారంభోత్సవం కోసం వేసిన వేదికను ప్రారంభోత్సవం కాకుండా తీయడం మర్యాద కాదని ఉపసంఘం తేల్చింది. ఇప్పటికి ఎనిమిది నెలలు.

బస్తీ వాళ్ళు ఆ మెట్లెక్కి ఈ మెట్లు దిగుతున్నారు. ఒకసారి సెక్యూరిటీ అధికారి వచ్చి వీళ్ళను ఎందుకు ఆపవని జహంగీర్‌ను నిలదీశాడు.

"వేదిక ఎక్కినోళ్ళను కింద నిలవెట్టొద్దని రూలుంది గద సార్. నేనెట్ల ఆపుత?" అన్నాడు వాడు.

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే రాజలింగం వస్తాడు. మూడు మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందదు. భార్య భుజం వదిలి ముఖ్య అతిథి కుర్చీలో కూలబడి కాసేపు కళ్ళు మూసుకుంటాడు. దిగమని ఎవరూ అనరు. నేను మూత పెట్టిన గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయి పక్కన నిలబడతాను.

నన్ను కూడా కూర్చోమంటాడు రాజలింగం. పక్కన ఖాళీ కుర్చీలు చాలా ఉన్నాయి. నేను కూర్చోను. వేదిక ప్రశ్నించరాదన్న నిబంధన ఎవరూ రద్దు చెయ్యలేదు, స్కూల్లో ఇంకా అడగవలసినవి ఉన్నాయి, వేదిక మీద కూర్చోనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.